చలిలో బండి స్టార్టింగ్ – 4వ పాఠం: వాట్లు చూశారు, వోల్టులు చూడలేదు

ఈ వారం టైమర్ పెట్టడం చెప్పాల్సింది. అది ఆగింది. చలికి ఇంజిన్‌ని ముందే వేడిచేసి ఉంచే కరెంటు హీటర్, అదే బ్లాక్ హీటర్, 400 వాట్లది సరిపోతుందని పోయిన పాఠంలో రాశాక మన కోరాపుట్ జిల్లాలో పొట్టంగి నుంచి, సిమిలిగుడ నుంచి, సునాబెడ నుంచి వచ్చిన ఫిర్యాదులు ఇంచుమించు ఒకటే: "మాస్టారూ, స్విచ్చేసిన కాసేపటికే ప్లగ్గు దగ్గర కాలిన వాసన. ఇప్పుడు అసలు వేడెక్కట్లేదు." కుందులి సంతకి కూరగాయల లోడు వేసుకుని బయల్దేరాల్సిన ఒకాయన తెల్లారకుండానే నలుగురిని లేపి బండి తోయించాడట. వాళ్ళు నన్ను తిట్టుకునే ఉంటారు.

ఫొటోలు పంపమన్నాను. పెట్టె మీద 400 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, 120 వోల్టులు.

అమెరికా, కెనడాల్లో ఇళ్ళకొచ్చే కరెంటు 120 వోల్టులు. ఈ హీటర్ల వాడకం పెరిగింది కూడా అటువైపే. నార్త్ డకోటాలో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇంజిన్ హెడ్ బోల్టులోనే హీటర్ ఇమిడ్చి 1949లో పేటెంటు తీసుకున్నాడు. సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి పోయే ఊళ్ళలో ఇది లేకపోతే పొద్దున్నే బండి కదలదు. వాళ్ళ కోసం చేసిన సరుకే ఆన్‌లైన్లో మన గుమ్మం దాకా వస్తోంది. మన గోడలో ఉన్నది 230.

వోల్టులు రెండింతలు కాబట్టి వేడీ రెండింతలు, అంతేగా అంటారు. కాదు. హీటర్లో ఉన్నది ఒట్టి తీగ. దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుని అడ్డుకునే గుణం (ఓముల్లో కొలుస్తాం), ఎక్కడ పెట్టినా దాదాపు ఒకటే. 120ని 120తో గుణించి 400తో భాగిస్తే 36 ఓములు. అదే తీగకి మన కరెంటు ఇవ్వండి: 230ని 230తో గుణించి 36తో భాగిస్తే దగ్గరదగ్గర 1470 వాట్లు. మూడున్నర రెట్లు దాటింది! కరెంటు 6.4 ఆంపియర్లు లాగుతుంది. మీరు పెట్టింది 6 ఆంపియర్ల సాకెట్లో, అదీ చుట్ట విప్పని సన్న వైరు ఎక్స్‌టెన్షన్‌తో. వాసన రాక ఏమొస్తుంది?

750 వాట్ల 120 వోల్టుల హీటరైతే 19.2 ఓములు. మన దగ్గర 2750 వాట్లు, 12 ఆంపియర్లు. లెక్క మీరే వేసి చూసుకోండి.

ఇంగ్లండు, ఆస్ట్రేలియా సరుకు మీద 240 అని ఉంటే బెంగ లేదు. 400 వాట్లది ఇక్కడ 367 ఇస్తుంది, అంతే.

దీనికి వచ్చిన సలహాలు ఇంకో తలనొప్పి. స్టెబిలైజర్ పెడితే? అది ఇచ్చేదే 230. మధ్యలో కరెంటుని ఒక వైపే పోనిచ్చే డయోడ్ వేస్తే సగం అవుతుంది కదా అని ఐటీఐ కుర్రాడొకడు రాశాడు. బాబూ, 1470లో సగం 735. ఇంకా దాదాపు రెట్టింపే. రెండు హీటర్లు వరసగా (సిరీస్‌లో) కలిపితే ఒక్కోదానికి సగం వోల్టులే అంది లెక్క కుదురుతుంది, కానీ ఒకటి పోతే రెండూ ఆగిపోతాయి, ఇంజిన్‌కి రెండో చోటూ కావాలి. 230 నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ నిజంగా పనిచేస్తుంది, వాట్లు సరిపోయేది తీసుకుంటే. నన్నడిగితే అదీ దండగే. 230 వోల్టులదే తెప్పించుకోండి.

ఇంజిన్ వేడిగానే ఉంది, సెల్ఫ్ తిరగట్లేదన్న వాళ్ళకి: బ్లాక్ హీటర్ బ్యాటరీని వేడిచెయ్యదు, ట్యాంకులో డీజిలునీ వేడిచెయ్యదు. బ్యాటరీ చూపించుకోండి. డీజిల్ ఇంజిన్ లోపలుండే హీటర్ ప్లగ్గులు (గ్లో ప్లగ్గులు) పోయిన జీపుకి ముందు అవి మార్పించండి. నిజం చెప్పాలంటే మన కోరాపుట్ చలికి సగం బండ్లకి ఆ రెండూ బాగుంటే చాలు.

రాత్రంతా ఆన్‌లో వదిలెయ్యకండి. కాసేపటికి వచ్చే వేడీ పోయే వేడీ సమానమైపోతాయి, ఆ పైన మీటరు తిరగడమే. 400 వాట్లు పది గంటలైతే నాలుగు యూనిట్లు. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు చాలు. నేనైతే రేడియేటర్ ముందు ఒక అట్ట కూడా నిలబెడతాను, దేవమాలి కొండ వైపు గాలికి అది పనికొస్తుంది. స్టార్ట్ చేసే ముందు అట్ట తియ్యాలి, వైరూ తియ్యాలి. వైరు కొసని స్టీరింగుకి కట్టుకుంటే మర్చిపోరు.

కూలెంట్ నింపకుండా స్విచ్ వెయ్యకూడదని మళ్ళీ చెప్పను.

అభ్యాసం: మల్టీమీటర్ తెచ్చుకోండి. ప్లగ్గు గోడలోంచి పీకేశాకే ఇదంతా. ఓముల్లో పెట్టి హీటర్ ప్లగ్గు రెండు పిన్నుల మధ్య కొలవండి. 230 వోల్టుల 400 వాట్లదైతే 132 చుట్టుపక్కల రావాలి. 36 వస్తే పెట్టె మీద ఏమున్నా నమ్మొద్దు. తర్వాత ఒక్కో పిన్నుకీ ఇంజిన్ బాడీకీ మధ్య, మీటర్లో అన్నిటికన్నా పెద్ద ఓముల రేంజిలో చూడండి. ఏ అంకే రాకూడదు. వస్తే షాక్ కొడుతుంది, ఆ హీటర్ పక్కన పడెయ్యండి. చివరగా ఎర్త్ పిన్నుకీ ఇంజిన్ బాడీకీ మధ్య: ఇక్కడ సున్నాకి దగ్గరగా రావాలి. మూడు కొలతల్లో ఏమొచ్చిందో కాగితం మీద రాసుకుంటేనే టైమర్ పాఠానికి రండి.