మన సర్వర్ మనమే చూసుకుందాం, 5వ పాఠం: ఎర్రర్ చూపించమంటే తెల్లపేజీ వస్తోందా?

ఈ పాఠంలో రీరైట్ రూల్స్ (వచ్చిన అడ్రస్‌ను సర్వర్ మరో అడ్రస్‌గా మార్చుకునే నియమాలు) మొదలుపెట్టాలి. కానీ పోయినసారి డిస్‌ప్లే_ఎర్రర్స్ (పీహెచ్‌పీ తప్పులను పేజీలోనే చూపించే సెట్టింగ్) ఆన్ చేయమన్న దగ్గరే చాలామంది ఆగిపోయారు. ఫైల్ మార్చాం, సేవ్ చేశాం, ఎఫ్‌పీఎం (వెబ్‌సైట్ కోసం పీహెచ్‌పీని నడిపే సర్వీసు) రీలోడ్ కూడా చేశాం, అయినా బ్రౌజర్‌లో అదే తెల్లపేజీ, అదే 500 (సర్వర్‌లో ఏదో చెడిందని చెప్పే నంబర్) అంటున్నారు. ఇది తేలకుండా ముందుకు వెళ్లడంలో అర్థం లేదు, ఎందుకంటే ఇకపై ప్రతి పాఠంలోనూ ఏదో ఒకటి చెడుతుంది, చెడినప్పుడు సర్వర్ ఏం చెబుతోందో మనకు కనపడి తీరాలి. రీరైట్ సంగతి వచ్చేసారి చూద్దాం.

మన సెటప్ పాతదే: ఉబుంటు 24.04, ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్, పీహెచ్‌పీ 8.3 ఎఫ్‌పీఎం. సర్వర్‌లోకి లాగిన్ అవడం, సుడో, నానోలో ఫైల్ తెరవడం మళ్లీ చెప్పను.

మీరు పంపిన వివరాల్లో ఎక్కువగా కనిపించింది ఒకటే. టెర్మినల్‌లో "పీహెచ్‌పీ --ఐఎన్ఐ" అని కొట్టి, అది చూపించిన ఫైల్‌ను మార్చారు. దయచేసి ఈ పని మానేయండి. ఆ కమాండ్ చెప్పేది టెర్మినల్‌లో నడిచే పీహెచ్‌పీ గురించి, మీ వెబ్‌సైట్ నడిపే పీహెచ్‌పీ గురించి కాదు. ఈటీసీ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ, దాని లోపల 8.3 తెరిస్తే సీఎల్ఐ (టెర్మినల్‌ది) అని ఒకటి, ఎఫ్‌పీఎం అని ఒకటి వేర్వేరు ఫోల్డర్లుంటాయి. రెండింట్లోనూ పీహెచ్‌పీ.ఐఎన్ఐ అనే పేరుతోనే ఫైల్ ఉంటుంది, లోపలి రాత కూడా దాదాపు ఒకేలా ఉంటుంది, అందుకే ఏది మార్చామో తెలియకుండా పోతుంది. సీఎల్ఐలోది మార్చి ఎఫ్‌పీఎంను ఎన్నిసార్లు రీలోడ్ చేసినా, మొత్తం సర్వర్‌నే రీబూట్ చేసినా వెబ్‌సైట్‌లో వెంట్రుకంత తేడా కూడా రాదు. ఇంకొందరు "పీహెచ్‌పీ -ఐ" కొట్టి, అందులో డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆన్ అని వచ్చింది కదా, మరి పేజీలో ఎందుకు రావట్లేదని అడిగారు. అదీ టెర్మినల్ మాటే. పాత సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసిన వాళ్లకు ఇంకో చిక్కు ఉంది: ఈటీసీలో 8.1 ఫోల్డర్, 8.3 ఫోల్డర్ రెండూ మిగిలిపోతాయి, సైట్ ఒకదాని సాకెట్‌తో (ఇంజిన్‌ఎక్స్, ఎఫ్‌పీఎం కలిసే చోటు) మాట్లాడుతుంటే మీరు రెండోదాన్ని సరిచేస్తుంటారు. అపాచీ అనే మరో వెబ్ సర్వర్‌తో మాడ్_పీహెచ్‌పీ (అపాచీ లోపలే పీహెచ్‌పీని నడిపే మాడ్యూల్) వాడేవాళ్లకైతే అపాచీ2 అని మూడో ఫోల్డర్ కూడా ఉంటుంది, వాళ్లు రీలోడ్ చేయాల్సింది ఎఫ్‌పీఎంను కాదు, అపాచీని.

కాబట్టి అడగాల్సింది టెర్మినల్‌ను కాదు, బ్రౌజర్‌నే. సైట్ ఫోల్డర్‌లో ఎవరూ ఊహించలేని పేరుతో ఒక చిన్న ఫైల్ పెట్టి, అందులో పీహెచ్‌పీఇన్ఫో ఫంక్షన్ ఒక్కటే పిలవండి. పేజీ తెరిచాక పై భాగంలో "లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్" అని ఉన్న వరుసే అసలు సమాధానం. దాని కిందే అదనంగా చదివిన ఐఎన్ఐ ఫైళ్ల జాబితా ఉంటుంది. ఇంకా కిందకు వెళ్లి డిస్‌ప్లే_ఎర్రర్స్ వెతికితే లోకల్ విలువ, మాస్టర్ విలువ అని రెండు గడులు కనిపిస్తాయి. ఆ రెండూ వేరుగా ఉన్నాయంటే మధ్యలో .యూజర్.ఐఎన్ఐ (సైట్ ఫోల్డర్‌లో పెట్టుకునే సెట్టింగుల ఫైల్) లాంటిదేదో దాన్ని మార్చిందన్నమాట. చూడటం అయిపోగానే ఆ ఫైల్ తీసేయండి, మీ సర్వర్ వివరాలన్నీ అందులో ఉంటాయి.

నేనైతే పీహెచ్‌పీ.ఐఎన్ఐని అసలు ముట్టుకోను. ఎఫ్‌పీఎం ఫోల్డర్‌లోనే కాన్ఫ్.డి అని ఉంటుంది, అక్కడ 99-మన.ఐఎన్ఐ లాంటి పేరుతో సొంత ఫైల్ పెట్టి (పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి) నాకు కావలసిన నాలుగు వరుసలు అందులో రాస్తాను. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లను పేర్ల వరుసలో చదువుతుంది కాబట్టి 99తో మొదలయ్యేది చివర్లో వచ్చి ముందున్న వాటి మీద నెగ్గుతుంది. రేపు అప్‌గ్రేడ్ అప్పుడు పాత పీహెచ్‌పీ.ఐఎన్ఐ ఉంచాలా, కొత్తది వేయాలా అని అడిగితే కంగారు పడే పని కూడా ఉండదు. ఇంత చేసినా మారకపోతే పూల్.డి ఫోల్డర్‌లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ.కాన్ఫ్ చివర్లో చూడండి. అక్కడ పీహెచ్‌పీ_అడ్మిన్_ఫ్లాగ్ అని ఎవరైనా రాసి ఉంటే దాని మాటే చెల్లుతుంది, కోడ్‌లోంచే సెట్టింగ్ మార్చే ఐఎన్ఐ_సెట్ రాసినా లెక్కచేయదు.

ఐఎన్ఐ_సెట్ అంటే గుర్తొచ్చింది. ఇండెక్స్ ఫైల్ మొదటి వరుసలోనే ఐఎన్ఐ_సెట్‌తో ఆన్ చేశాం, అయినా తెల్లపేజీయే అన్నారు. అదే ఫైల్‌లో సెమీకోలన్ పోయి ఉంటే ఆ వరుస పని చేయదు, ఎందుకంటే పీహెచ్‌పీ ముందు ఫైల్ మొత్తాన్ని చదివి కంపైల్ చేస్తుంది, అక్కడే ఆగిపోతే మొదటి వరుస కూడా నడవదు. తప్పు ఇన్‌క్లూడ్ చేసిన వేరే ఫైల్‌లో ఉంటే మాత్రం కనిపిస్తుంది.

షేర్డ్ హోస్టింగ్ నుంచి వచ్చినవాళ్లు కొందరు .హెచ్‌టీ యాక్సెస్‌లో (ఫోల్డర్‌లో పెట్టే అపాచీ సెట్టింగుల ఫైల్) పీహెచ్‌పీ_ఫ్లాగ్ రాశారు. మన ఇంజిన్‌ఎక్స్ ఆ ఫైల్‌ను చదవనే చదవదు. అపాచీలోనైనా అది మాడ్_పీహెచ్‌పీ ఉంటేనే నడుస్తుంది, ఎఫ్‌పీఎంతో ఉంటే ఆ వరుస వల్లే కొత్తగా 500 వస్తుంది. దానికి బదులు .యూజర్.ఐఎన్ఐ వాడొచ్చు, కానీ మార్పు వెంటనే కనపడకపోతే టెన్షన్ పడకండి, మామూలుగా 300 సెకన్లకోసారే దాన్ని మళ్లీ చదువుతుంది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. డిస్‌ప్లే_ఎర్రర్స్ పని చేసినవాళ్లలో కొందరు జనం చూసే సైట్‌లోనే దాన్ని అలా వదిలేశారు. ఈరోజే ఆఫ్ చేయండి. ఫైళ్ల దారులు, టేబుళ్ల పేర్లు వచ్చినవాళ్లందరికీ కనిపిస్తాయి, అదొకటి. రెండోది ఎక్కువమందికి తెలియదు: డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆన్‌లో ఉండగా ఫేటల్ ఎర్రర్ (ప్రోగ్రామ్‌ను అక్కడే ఆపేసే తప్పు) వస్తే పీహెచ్‌పీ మామూలుగా 500 పంపదు, 200 (అంతా బాగుందనే నంబర్) పంపుతుంది. పేజీ సగంలో విరిగిపోయినా మీ మానిటరింగ్ అంతా బాగుందనే చెబుతుంది. ఆఫ్‌లో ఉంటేనే 500 సరిగ్గా వెళ్తుంది. అంటే మీరు తిట్టుకున్న ఆ తెల్లపేజీ నిజానికి సర్వర్ సరిగ్గా ప్రవర్తించడమే, మనం దాని మాటను లాగ్‌లో చదవాలి.

అందుకే నా 99 ఫైల్‌లో ఉండేవి ఇవే: డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆఫ్, లాగ్_ఎర్రర్స్ ఆన్, ఎర్రర్_రిపోర్టింగ్ ఈ_ఆల్ (అన్ని రకాల తప్పులూ), ఎర్రర్_లాగ్‌కు ఒక ఫైల్ దారి. చివరిది రాయకపోతే సందేశాలు ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్.లాగ్‌లోకే "పీహెచ్‌పీ మెసేజ్" అని చేరతాయి, అదీ పర్వాలేదు. రాస్తే మాత్రం ఆ ఫోల్డర్ ముందే ఉండాలి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్‌కు అందులో రాసే అనుమతి ఉండాలి. ఉందో లేదో ఊహించకండి, సుడో -యు తో ఆ యూజర్‌గా మారి అక్కడ టచ్ కమాండ్‌తో ఒక ఖాళీ ఫైల్ సృష్టించి చూడండి, అనుమతి లేకపోతే మొహం మీదే చెబుతుంది. రీలోడ్‌కు ముందు పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం8.3 -టి, ఇంజిన్‌ఎక్స్ -టి రెండూ కొట్టి సెట్టింగుల్లో తప్పులున్నాయేమో చూడటం అలవాటు చేసుకోండి.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు ఒక్క మాట: డబ్ల్యూపీ_డీబగ్ ఆఫ్‌లో ఉంటే అది ఎర్రర్_రిపోర్టింగ్‌ను తానే తగ్గించేస్తుంది, మీ ఈ_ఆల్ అక్కడ నిలవదు. డబ్ల్యూపీ_డీబగ్‌తో పాటు డబ్ల్యూపీ_డీబగ్_లాగ్ కూడా ఆన్ చేస్తే ఆ లాగ్ డబ్ల్యూపీ-కంటెంట్‌లో పడుతుంది, అడ్డం పెట్టకపోతే బ్రౌజర్‌లో ఎవరైనా చదవగలరు. దానికి వేరే దారి ఇవ్వండి.

ప్రాక్టీస్ ఈసారి కాస్త కష్టమే, టెస్ట్ సర్వర్‌లోనే చేయండి. ఒక్కో తప్పూ కావాలని చేసి, లాగ్ తెరవకముందే అది ఏ ఫైల్‌లో పడుతుందో, బ్రౌజర్‌కు ఏ నంబర్ వెళ్తుందో కాగితం మీద రాయండి. ఇండెక్స్ ఫైల్‌లో సెమీకోలన్ తీసేయండి. తర్వాత ఇన్‌క్లూడ్ ఫైల్‌లో లేని ఫంక్షన్‌ను పిలవండి, ఒకసారి డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆన్‌లో, ఒకసారి ఆఫ్‌లో. ఎఫ్‌పీఎంను ఆపేసి 502 (వెనకున్న పీహెచ్‌పీ నుంచి సరైన జవాబు రాలేదనే నంబర్) తెప్పించుకోండి, ఇంజిన్‌ఎక్స్ లాగ్‌లో బ్రాకెట్‌లోని అంకె చూడండి: 2 అంటే సాకెట్ ఫైలే లేదు, 13 అంటే అనుమతి లేదు, 111 అంటే అవతల వినేవాళ్లు లేరు. చివరగా పీహెచ్‌పీ లాగ్ ఫైల్‌ను రూట్ పేరిట మార్చి, ఇంకెవరూ రాయకుండా చేసి, మళ్లీ ఎర్రర్ తెప్పించండి. ఆ సందేశం ఎక్కడికి వెళ్లిందో వెతికి పట్టుకున్నాకే 6వ పాఠం తెరవండి.