హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఎండోస్కోపీకి వెళ్లేముందు

గొంతులోంచి గొట్టం దింపుతారంటే ఎవరికైనా టెన్షనే. నిజానికి ఆ పని చాలామందికి పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి ఇబ్బంది వచ్చేది ఎక్కువగా దానికి ముందూ వెనకానే. ఏ మందులు వాడుతున్నారో పరీక్ష చేసే డాక్టర్‌కి తెలియదు, పరీక్ష కోసం లోపలి నుంచి తీసిన చిన్న ముక్క(బయాప్సీ)తో పాటు ల్యాబ్‌కి వెళ్లాల్సిన వివరాలు వెళ్లవు.

అసలు పరీక్ష ఇప్పుడే అవసరమా అని అడగండి. మింగుతుంటే నొప్పి, నోట్లో తెల్లటి పూత ఉంటే చాలాసార్లు అది కాండిడా ఫంగస్. ముందు ఫ్లూకోనజోల్ ఇచ్చి చూస్తారు. వారం లోపు తేడా కనిపించకపోతే అప్పుడు ఎండోస్కోపీ. నెల దాటినా ఆగని విరేచనాలకైతే ముందు మల పరీక్ష, అందులో తేలకపోతే కొలనోస్కోపీ, అంటే కింది నుంచి గొట్టం పంపి పెద్దపేగు చూడటం. రక్తం పడుతున్నా, నీళ్లు కూడా దిగకపోయినా ఇలా ఆగి చూడటం కుదరదు, వెంటనే వెళ్లాలి.

హెచ్‌ఐవీ సంగతి దాచకండి. వార్డులో అందరి ముందు చెప్పక్కర్లేదు, డాక్టర్‌తో విడిగా మాట్లాడాలని అడిగితే చాలు. తాజా సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) రిపోర్టు కూడా చూపించండి. సీడీ4 50 కంటే తగ్గినప్పుడు సైటోమెగాలో వైరస్ పేగుల్లో, అన్నవాహికలో పుండ్లు చేయొచ్చు. ఆ వైరస్ దొరకాలంటే పుండు అడుగు నుంచి ముక్క తీయాలి. హెర్పిస్ అయితే పుండు అంచులో దొరుకుతుంది. అందుకే రెండు చోట్ల నుంచీ, ఒకటి కాదు, చాలా ముక్కలు తీస్తారు. కొన్ని పరాన్నజీవులు పైకి మామూలుగా కనిపించే పేగు పొరలోనే దాక్కుంటాయి, అక్కడి నుంచీ తీయాల్సి రావచ్చు. ముక్కల లెక్క వినగానే కంగారు పడకండి, ఒక్కొక్కటి బియ్యపు గింజ కన్నా చిన్నది.

ల్యాబ్ ఫారంలో 'కడుపునొప్పి' అని ఒక్క మాట రాసి పంపితే ముక్కని పరీక్షించే డాక్టర్ (పాథాలజిస్టు) టీబీకి, ఫంగస్‌కి వేరే రంగులు వేసి చూడాలని ఎలా అనుకుంటాడు? ఇంకో సంగతి. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేస్తే అది కల్చర్‌కి, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్షకి, పనికిరాదు. టీబీ అనుమానం ఉంటే ఒక ముక్క సెలైన్‌లో పంపుతారా అని ముందే అడగండి. తర్వాత గుర్తొస్తే మళ్లీ గొట్టం దింపాల్సిందే.

ఇక మందులు. రిటోనవిర్ గానీ కోబిసిస్టాట్ గానీ ఉన్న ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) వాడుతుంటే, మత్తుకిచ్చే మిడజోలం ఒంట్లోంచి త్వరగా పోదు. మత్తు ఎక్కువై ఊపిరి మందగించవచ్చు. మాత్రల పేర్లు కాగితం మీద రాసుకెళ్లండి, 'రోజుకో మాత్ర' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. రక్తం పలచబడే మందులుంటే, ప్లేట్‌లెట్లు తక్కువని ఎప్పుడైనా చెప్పి ఉంటే, అదీ చెప్పండి. టెనోఫోవిర్ వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రానికి ఫాస్ఫేట్ మందు వద్దని, పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం ఇవ్వమని అడగాలి. ఇప్పటికే విరేచనాలతో నీరసించినవాళ్లు ఆ శుభ్రం మందు తాగే రోజు నీళ్లు, ఓఆర్‌ఎస్ బాగా తాగాలి.

పరగడుపున రమ్మన్నారని ఏఆర్‌టీ మానేయకండి. కొన్నింటిని గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు, భోజనంతో వేసుకోవాల్సినవి పరీక్ష అయ్యాక వేసుకోవచ్చు. ఏది ఎలాగో ముందురోజే డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

మీ వల్ల గొట్టం పాడవుతుందేమోనన్న బెంగ వదిలేయండి. ప్రతి రోగి తర్వాతా దాన్ని ఒకే పద్ధతిలో శుద్ధి చేయాలి, ఆ శుద్ధికి హెచ్‌ఐవీ నిలవదు. మిమ్మల్ని చివరి నంబరులో కూర్చోబెట్టాల్సిన అవసరం లేదు.

అయ్యాక గొంతు మొద్దుబారినంతసేపు ఏమీ మింగొద్దు. మత్తు ఇచ్చి ఉంటే ఆ రోజంతా బండి నడపొద్దు, తోడు ఒకరు ఉండాలి. ఛాతీలో, పొట్టలో పెరిగే నొప్పి, జ్వరం, నల్లటి మలం, రక్తపు వాంతి, వీటిలో ఏది కనిపించినా పొద్దుటిదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

వచ్చేటప్పుడు గ్యాస్ మాత్ర రాసిస్తే చీటీ ఒకసారి చూసుకోండి. రిల్పివిరిన్ వాడేవాళ్లు ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి వేసుకోకూడదు. అటజనవిర్‌తోనూ చిక్కే. డోలుటెగ్రవిర్ వాడేవాళ్లు మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్‌కి రెండు గంటల ముందు, లేదంటే ఆరు గంటల తర్వాత డోలుటెగ్రవిర్ మాత్ర వేసుకోవాలి. బయాప్సీ రిపోర్టు వచ్చాక దాన్ని మీ ఏఆర్‌టీ డాక్టర్‌కి కూడా చూపించండి.