డీజిల్ పికప్ శక్తి పెంచడం, 4వ పాఠం: బూస్ట్ ముల్లు చెప్పని లెక్క

ఈసారి ఇంటర్‌కూలర్ (టర్బో అనే పంపు ఇంజిన్‌లోకి నొక్కి పంపే వేడి గాలిని దారిలో చల్లార్చేది) ఎంపిక గురించి చెబుదామని కూర్చున్నాను. కానీ పోయిన పాఠం తాలూకు రిపేర్లు ముందు చూడాల్సి వస్తోంది. "రీమ్యాప్ జోలికి వెళ్లేముందు ఈజీటీ మీటరు బిగించండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో ఫ్యూయల్, బూస్ట్ లెక్కలు మార్చడం, ఈజీటీ అంటే ఇంజిన్ లోంచి బయటికొచ్చే పొగ వేడి అని చెప్పాను గానీ, ఆ వేడిని పట్టే ప్రోబ్ ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. తప్పు నాదే. మీలో చాలామంది టర్బో దాటాక, సైలెన్సర్ వైపు వెళ్లే గొట్టంలో పెట్టారు. చెయ్యి సులువుగా పడేది అక్కడే కదా! పైగా "నిండు లోడుతో ఎత్తు ఎక్కినా 520 డిగ్రీలు దాటలేదు, ఇంకెంత ఫ్యూయల్ పెంచొచ్చు?" అని అడుగుతున్నారు.

ఏమీ పెంచకండి. టర్బో తిరిగేది ఆ పొగలోని శక్తితోనే. తన పనికి కావలసింది లాక్కున్నాక చల్లబడిన పొగనే మీ మీటరు చూస్తోంది. లోడు మీద ఆ తేడా వంద నుంచి రెండు వందల డిగ్రీల దాకా ఉండొచ్చు. మీ 520 వెనక, టర్బో ముందు 700 ఉందేమో ఎవరికి తెలుసు? "అయితే ఓ 150 కలుపుకుంటాం" అంటారు కొందరు. ఆ తేడా స్థిరంగా ఉండదు. ఐడిల్‌లో దాదాపు ఉండదు, లోడు పెరిగేకొద్దీ పెరుగుతుంది. సరిగ్గా ప్రమాదం ఉన్నచోటే మీ కూడిక తప్పుతుంది.

ప్రోబ్ టర్బోకి ముందు, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లో, సిలిండర్ల పొగంతా కలిసే చోట ఉండాలి. అక్కడ 700 డిగ్రీలు ఆగకుండా నడిస్తే పిస్టన్లకీ టర్బోకీ మంచిది కాదని డీజిల్ పనివాళ్లు మామూలుగా చెప్పే హద్దు. నేనైతే 670 దగ్గరే కాలు తీస్తాను. ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు కాసేపు పైకి వెళ్లి దిగితే టెన్షన్ పడను. ఎత్తు మీద నిమిషాల తరబడి అక్కడే నిలబడితేనే భయం.

మ్యానిఫోల్డ్‌కి కన్నం వేసేటప్పుడు, అది బండి మీద ఉండగానే డ్రిల్ బిట్‌కి గ్రీజు పూసి, రజనును అయస్కాంతంతో లాగేసేవాళ్లున్నారు. నేనూ ఒకసారి అలాగే చేశాను. అంతా వచ్చేసిందనుకుని, అనుమానం తీరక మ్యానిఫోల్డ్ విప్పి లోపల మళ్లీ అయస్కాంతం తిప్పితే, చివర్న పిల్లి మీసాల్లా నాలుగు పోగులు అంటుకుని వచ్చాయి. అవి టర్బో రెక్కల్లోకి పోయి ఉంటే? అప్పటినుంచి ముందే విప్పుతాను. సగం రోజు పని పెరుగుతుంది, పెరగనివ్వండి.

ప్రోబ్ మార్చినవాళ్లు కొందరు నిజం చూసి కంగారుపడి, రెండో తప్పు చేశారు. "వేడి ఎక్కువుంటే గాలి చాలట్లేదన్నమాట, బూస్ట్ పెంచేస్తాను" అన్నారు. మొదటి మాట నిజమే. ఫ్యూయల్‌కి తగ్గ గాలి అందకపోతే వేడీ నల్లపొగా రెండూ వస్తాయి. రెండో మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. బూస్ట్ మీటరు గాలిని కొలవదు, టర్బో నొక్కిన గాలి ఒత్తిడిని కొలుస్తుంది. ఇంజిన్‌కి కావలసింది గాలి బరువు. అదే ఒత్తిడిలో వేడి గాలి పలచన, చల్ల గాలి చిక్కన.

లెక్క వేసి చూడండి. బూస్ట్ మీటరు మీది బార్లకి (బార్ అంటే ఒత్తిడి కొలత) వాతావరణం ఒత్తిడి 1 కలపండి. ఇన్‌టేక్ వేడికి, అంటే ఇంటర్‌కూలర్ దాటి ఇంజిన్‌లోకి పోయే గాలి వేడికి, 273 కలపండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 298తో గుణించండి. బయట 25 డిగ్రీలున్నప్పుడు టర్బో లేకుండా వచ్చే గాలికి ఎన్ని రెట్లు వస్తోందో తేలుతుంది.

1 బార్, ఇంటర్‌కూలర్ దాటాక 50 డిగ్రీలు: 1.85 రెట్లు. ఇప్పుడు చిన్న టర్బోని పిండి 1.5 బార్‌కి ఎక్కించారు, పాత ఇంటర్‌కూలర్ చాలక గాలి 110 డిగ్రీల మీద లోపలికి పోతోంది: 1.95 రెట్లు. ముల్లు సగానికి సగం పెరిగింది, గాలి పెరిగింది నూటికి ఐదు పాళ్లు! పైగా ఆ అదనపు వేడంతా ఈజీటీకి తోడు. అదే మంచి ఇంటర్‌కూలర్ వేసి 1.2 బార్ దగ్గర 50 డిగ్రీలు నిలబెడితే 2.03 రెట్లు. తక్కువ ముల్లు, ఎక్కువ గాలి.

ఇంకో వైపు నుంచి చూద్దాం. ఒకాయన పెద్ద ఇంటర్‌కూలర్ వేయించుకుని, "బూస్ట్ తగ్గిపోయింది, షాపువాళ్లు మోసం చేశారు" అని గొడవపడ్డాడు. గాలికి అడ్డు తగ్గి సులువుగా లోపలికి పోతుంటే వెనక ఒత్తిడి తగ్గదా? పైపు లీకు లేదని చూసుకుని, ఎత్తు మీద ఈజీటీ చూడమన్నాను. అది కూడా తగ్గిందట. గొడవ ఆగిపోయింది.

కొండ ప్రాంతంలో తిరిగేవాళ్లకి ఇంకో మాట. 2000 మీటర్ల ఎత్తులో వాతావరణం ఒత్తిడి సుమారు 0.8 బార్. అక్కడ పై లెక్కలో 1కి బదులు 0.8 కలపాలి. అదే 1.5 బార్ చూపించడానికి టర్బో కింద గాలిని 2.5 రెట్లు నొక్కితే చాలు, పైన దాదాపు 2.9 రెట్లు నొక్కాలి. అంటే ఇంకా వేగంగా తిరగాలి. ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

సరే, ప్లాన్ సంగతి. బ్రేకులు, కూలెంట్, ఫిల్టర్లు, టైర్లు సరిగ్గా ఉన్నాయనే అనుకుంటున్నాను. నా వరస ఇది: మీటర్లు, ఇంటర్‌కూలర్, క్లచ్, ఆ తర్వాతే రీమ్యాప్. అదీ ఒద్దికగా. టర్బో చివర్న, నిజంగా అవసరమైతే. క్లచ్ పరీక్ష చిన్నది: ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఆర్‌పీఎం ఒక్కటే ఎగబాకితే క్లచ్ జారుతోంది. ఇప్పుడే జారుతుంటే, 400 న్యూటన్ మీటర్ల టార్క్‌ని 500 చేశాక ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు), ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) తీసేయడం నేర్పమన్నవాళ్లకి: చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, నేను నేర్పను.

అభ్యాసం కాస్త కష్టమే. ఒకే ఎత్తు, ఒకే లోడు, ఒకే గేరు, మూడు వేర్వేరు రోజులు. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, ప్రతి 30 సెకన్లకీ ఈజీటీ, బూస్ట్, ఇన్‌టేక్ వేడి, కూలెంట్ వేడి, ఆ రోజు బయటి వేడి రాయించండి. నడుపుతూ మీరు రాయకండి. ప్రతి వరసకీ పై లెక్క వేయండి. రాసి ఉంచకపోతే వచ్చే పాఠం మీకు ఎక్కదు.

చేతిలో బండి లేనివాళ్లకి ఒక ప్రశ్న: 1.4 బార్, 95 డిగ్రీలు ఒక బండి, 1.1 బార్, 45 డిగ్రీలు ఇంకో బండి. ఇంజిన్లు ఒకటే, బయట 25 డిగ్రీలు. ఎక్కువ గాలి ఎవరికి? తేడా చిన్నదే, కాబట్టి నోటి లెక్క వద్దు, కాగితం తీయండి.