ఫోల్డర్ 98 ఎంబీ, పెన్‌డ్రైవ్‌లో పోయింది 2.4 జీబీ: ఎందుకు?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లాంటి చోట్ల ఈ సమస్య సులువుగా వస్తుంది. ప్రతి వడ్ల లారీకి కాంటా చిట్టీ ఒక చిన్న ఫైలుగా సేవ్ అవుతుంది. ఒక్కోటి 5 కేబీ అనుకుంటే, 20,000 చిట్టీలు కలిపి 98 ఎంబీ దాటవు. అవే 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే రెండు జీబీలకు పైగా ఖాళీ తగ్గిపోతుంది.

వెంటనే "డూప్లికేట్ పెన్‌డ్రైవ్ అంటగట్టాడు" అని షాపువాడి మీదికి పోకండి. డూప్లికేట్‌దైతే అందులో నిజంగా ఉన్న జాగా నిండాక ఫైళ్లు పాడవుతాయి, తెరుచుకోవు. ఇక్కడ అన్నీ తెరుచుకుంటాయి, జాగా మాత్రమే పోతుంది.

ఎలా తెలుసుకోవాలి: ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. 'సైజ్', 'సైజ్ ఆన్ డిస్క్' అంకెల మధ్య పెద్ద తేడా ఉంటే అనుమానం నిజమే.

కారణం: డిస్క్ ఫైళ్లకు జాగాను క్లస్టర్ల లెక్కన, అంటే ఒకే సైజు ముక్కలుగా ఇస్తుంది. ఒక రైతు వడ్లు సగం బస్తాకే సరిపోయినా, మిగతా సగంలో ఇంకొకరివి పోయరు కదా, ఇదీ అంతే. 32 జీబీ దాటిన డ్రైవ్‌ను విండోస్ ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే డిఫాల్ట్ క్లస్టర్ 128 కేబీ. 5 కేబీ చిట్టీకీ 128 కేబీ పోతుంది. అంటే 20,000 చిట్టీలకు దాదాపు 2.44 జీబీ. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే మరో పద్ధతిలో సాధారణంగా 4 కేబీయే. చిట్టీకి రెండు క్లస్టర్లు, అంటే 8 కేబీ చాలు.

పరిష్కారం: పాత చిట్టీలను రోజూ తెరవకపోతే నెలవారీగా జిప్ చేసేయండి, ఫార్మాట్ గొడవే ఉండదు. జిప్ మొత్తం ఒక్క ఫైలే కాబట్టి వృథా ఒక్క చివరి క్లస్టర్‌లోనే.

అలా కుదరకపోతే మొత్తం డేటా కంప్యూటర్‌లోకి తీసుకోండి, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసుకోండి. ఆ తర్వాతే ఫార్మాట్, ఎందుకంటే అందులో ఉన్నదంతా పోతుంది. ఫార్మాట్ విండోలో ఎన్‌టీఎఫ్‌ఎస్, అలొకేషన్ యూనిట్ సైజ్ (క్లస్టర్ సైజే) దగ్గర 4096 బైట్లు, అంటే 4 కేబీ, ఎంచుకోండి. ఆ డ్రైవ్‌ను ఫోన్‌కో, పాత టీవీకో కూడా పెట్టేవాళ్లు ఆగండి. వాటిలో చాలావాటికి ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం రాదు. ఎక్స్‌ఫ్యాట్‌నే ఉంచి, జాబితాలో కనిపించే చిన్న యూనిట్ ఎంచుకోవడం మేలు.

పెళ్లి వీడియోలు పెట్టుకునే డ్రైవ్ అయితే ఇదంతా అక్కర్లేదు. 2 జీబీ వీడియోకు 128 కేబీ క్లస్టర్‌తో పోయేది, ఎంత పోయినా, ఒక్క క్లస్టర్ లోపే.

చిట్టీలను తిరిగి కాపీ చేశాక ప్రాపర్టీస్ మళ్లీ చూడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్, 4096 ఎంచుకుని ఉంటే సైజ్ ఆన్ డిస్క్ 156 ఎంబీ దగ్గర ఉండాలి. ఇంకా జీబీల్లోనే కనిపిస్తే, ఫార్మాట్ చేసేటప్పుడు యూనిట్ సైజ్ మారలేదన్నమాట.