సన్నని బ్లాండ్ జుట్టుకు లోలైట్లు: చారలు పోయిన తీరు

హైలైట్ల (బ్లీచ్‌తో లేతగా చేసిన పాయల) మీద హైలైట్లు పడితే సన్నని బ్లాండ్ జుట్టు ఒకే తెల్లటి పొరలా తేలిపోతుంది, పలచదనం ఇంకా బయటపడుతుంది. అక్కడ కావలసింది మరింత బ్లీచ్ కాదు, నీడ. అంటే మిగతా జుట్టు కన్నా కాస్త ముదురు పాయలు, లోలైట్లు.

నా జుట్టు లెవెల్ 9 (ఈ కొలతలో 1 నలుపు, 10 అతి లేత బ్లాండ్). లోలైట్‌కి లెవెల్ 8 సరిపోయింది. 7 దాటి ముదురుకి వెళ్తే పాయలు మళ్లీ చారల్లా విడిగా కనిపిస్తాయి. డెమీ పర్మనెంట్ రంగు (కొన్ని వారాల్లో మెల్లగా వెలిసిపోయేది), 10 వాల్యూమ్ మించని డెవలపర్ (రంగులో కలిపే పెరాక్సైడ్; వాల్యూమ్ అంటే దాని బలం). యాష్ షేడ్ (బూడిద ఛాయ ఉన్న చల్లని రంగు) మాత్రం వద్దే వద్దు. బ్లీచ్ అయిన వెంట్రుకలో వెచ్చని (బంగారు, ఎరుపు) ఛాయ పెద్దగా మిగలదు, దాని మీద యాష్ వేస్తే బూడిదగానో ఆకుపచ్చగానో తేలవచ్చు. బంగారు ఛాయ కలిసిన బేజ్ తీసుకోవాలి.

బ్లీచ్ జుట్టు రంగును గబుక్కున పీల్చేస్తుంది. ముందు చెవి వెనక ఒక సన్నని పాయకు వేసి, 5 నిమిషాలకోసారి తడిగుడ్డతో తుడిచి చూడాలి. తడిగా ఉన్నప్పుడు ముదురుగానే కనిపిస్తుంది కాబట్టి ఆరబెట్టి, పగటి వెలుతురులో చూశాకే తేల్చుకోవాలి.

దువ్వెన తోకతో దారాల్లాంటి పాయలు తీసి, పై పొర కిందా మెడ దగ్గరా వేయాలి. పాపిట, నుదుటి అంచు వదిలేయాలి. హైలైట్ కొత్తగా పెరిగిన కుదుళ్లకే, 20 వాల్యూమ్‌తో. పాత బ్లీచ్ మీదికి పాకితే వెంట్రుక అక్కడే తెగిపోవచ్చు.