కారులో ఆ వంపు బాణం బటన్ ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు తీయాలి

ఏసీ ప్యానెల్ మీద కారు బొమ్మలో వంపు తిరిగిన బాణం ఉండే బటన్ (పాత కార్లలో అయితే పక్కకు జరిపే చిన్న మీట) చాలామంది ఒకసారి నొక్కి ఏడాదంతా అలాగే వదిలేస్తారు. దయచేసి అలా వదలకండి.

మామూలుగా ముందు అద్దం కింద ఉండే జాలీల్లోంచి బయటి గాలి బ్లోయర్‌కి (గాలిని లోపలికి ఊదే ఫ్యాన్‌కి) వస్తుంది. బటన్ నొక్కితే ఒక ఫ్లాప్ ఆ దారి మూసేసి కారు లోపలి గాలినే మళ్ళీ తిప్పుతుంది.

మే నెల ఎండలో నిలిపిన కారు ఎక్కగానే మాత్రం నొక్కకండి, అప్పుడు బయటికంటే లోపలే వేడి ఎక్కువ. అద్దాలు దించి రెండు నిమిషాలు నడిపి, ఆ వేడి పోయాక ఎత్తేసి నొక్కండి. కాస్త చల్లబడిన గాలినే మళ్ళీ చల్లబరుస్తుంది కాబట్టి త్వరగా కూల్ అవుతుంది, కంప్రెసర్‌కీ భారం తగ్గుతుంది. ముందు పొగ కక్కే లారీ ఉన్నా, చెత్త డంపు వస్తున్నా, వాసన లోపలికి రాకముందే నొక్కాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది దూర ప్రయాణాల్లో. రాత్రి పూట హైదరాబాద్ నుంచి విజయవాడకి నలుగురు కలిసి బయల్దేరారనుకోండి, బాణం ఆన్‌లోనే ఉంటే అందరూ వదిలిన ఊపిరే అందరూ పీలుస్తుంటారు, కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతుంది, తల బరువెక్కి కళ్ళు మూతలు పడతాయి, డ్రైవర్ దాన్ని అలసట అనుకుంటాడు. అందుకే పావుగంటకోసారి రెండు మూడు నిమిషాలు బయటి గాలి రానివ్వండి. నేనైతే ఊళ్ళు దాటి హైవే ఎక్కాక బయటి గాలి మీదే ఉంచేస్తాను, ఏసీ కాస్త తక్కువ చల్లగా ఉన్నా పర్వాలేదు.

వానలో ముందు అద్దం లోపలి వైపు మసకబారితే గుడ్డతో తుడుస్తూ నడపడం చాలా ప్రమాదం. బాణం ఆఫ్ చేసి, ఏసీ ఆన్ చేసి, గాలిని అద్దం మీదకి తిప్పండి. ఏసీ గాలిలో తేమని లాగేస్తుంది, కారు కింద కారే నీళ్ళు అవే. మసక బయటి వైపు ఉంటే లెక్క వేరు: అద్దం మరీ చల్లబడిందన్నమాట, వైపర్ వేసి చల్లదనం తగ్గించండి.

ఇంకొక్క మాట. బాణం నొక్కినంత మాత్రాన కారు పూర్తిగా సీలైపోదు. మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు.