ఈశాన్య వానలకు ముందే పొలానికి చార్జింగ్ లైటు: కొనేటప్పుడు, వాడేటప్పుడు జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో రాత్రిపూట పొలం కాడ లైటుతో పని ఎక్కువగా పడేది ఈ మూడు నెలల్లోనే. వాయుగుండం పట్టిందంటే కరెంటు పోతుంది, మోటారు షెడ్డులోకి నీళ్లొచ్చాయేమో చూసి రావాలి, కోతకొచ్చిన వరి మీదా చెరుకు మీదా పందులు పడతాయి, అడవి అంచు ఊళ్లలో ఏనుగుల భయం. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల వాన ఎలా కొట్టిందో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. లైటు కొనదలచుకుంటే సెప్టెంబరులోనే కొనండి. లోపం ఏదైనా ఉంటే మార్చుకునే గడువులోపలే బయటపడాలి, తుపాను రాత్రి కాదు.

పెట్టె మీద రాసిన ల్యూమెన్లు చూసి మాత్రం కొనొద్దు. ఆన్‌లైన్‌లో లక్ష ల్యూమెన్లు అని రాసి అమ్మే చేతి లైట్లు ఉన్నాయి. లెక్క వేస్తే విషయం తేలిపోతుంది. మామూలు ఎల్‌ఈడీ ఒక వాటుకు సుమారు 100 ల్యూమెన్ల వెలుగిస్తుంది. అంటే లక్ష ల్యూమెన్లకు దాదాపు 1000 వాట్లు కావాలి. ఒక హార్స్‌పవర్ మోటారే 746 వాట్లు, అంతకు మించిన కరెంటు అరచేతిలో పట్టే బ్యాటరీ ఎక్కడినుంచి తెస్తుంది? నిజంగా 1000 నుంచి 2000 ల్యూమెన్లు ఇచ్చే లైటు పొలానికి ధారాళంగా సరిపోతుంది.

దూరం కనబడాలంటే చూడాల్సింది ల్యూమెన్లు కాదు, క్యాండెలా. ల్యూమెన్లు మొత్తం ఎంత వెలుగు వస్తుందో చెబుతాయి, క్యాండెలా ఆ వెలుగు ఒక దిక్కుకు ఎంత గట్టిగా పోతుందో చెబుతుంది. మంచి కంపెనీలు ఈ రెండూ రాస్తాయి, దాంతోపాటు మీటర్లలో దూరం కూడా వేస్తాయి. ఆ దూరం అంటే వెలుగు పావు లక్సుకు పడిపోయే చోటు (లక్సు అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత). పావు లక్సు అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలంత. వెన్నెల్లో ఏదో కదిలిందని తెలుస్తుందేగానీ అది కుక్కో పందో చెప్పలేం. కాబట్టి పెట్టె మీద 600 మీటర్లు అని ఉంటే మీకు పనికొచ్చేది 300 మీటర్లే అనుకోండి. అక్కడ ఒక లక్సు వెలుగు పడుతుంది, ఆకారం గుర్తు పట్టొచ్చు.

మీ పొలానికి ఎంత కావాలో మీరే లెక్కేసుకోవచ్చు. పదెకరాల చదరం పొలం అంటే ఒక్కో వైపు సుమారు 200 మీటర్లు. షెడ్డు నడిమధ్యలో ఉంటే దూరపు మూల 142 మీటర్లు, షెడ్డే ఒక మూలన ఉంటే ఎదుటి మూల దాదాపు 284 మీటర్లు. ఆ దూరాన్ని దానితోనే గుణిస్తే అక్కడ ఒక లక్సు పడటానికి కావాల్సిన క్యాండెలా వస్తుంది. 142కి సుమారు 20 వేలు, 284కి సుమారు 80 వేలు. షెడ్డు ఎక్కడుందన్న ఒక్క సంగతితో అవసరం నాలుగింతలైంది చూడండి. ఫోను మ్యాపులో దూరం కొలిచే సదుపాయం ఉంది. కొనడానికి ముందు ఆ ఒక్క కొలత తీసుకోండి.

ఈ లెక్క బయలు పొలానికే. వేరుశనగ, టమాటా, కోసేసిన వరిమడి అయితే సన్నగా దూరం పోయే లైటు బాగుంటుంది. మామిడి తోపులో అదే లైటు దండగ. కొమ్మలు దిగి ఉన్న తోపులో చూపు రెండు మూడు వరసలు దాటదు, సన్నటి కాంతి మొదటి చెట్టు ఆకుల మీదే పడి కళ్లు చెదురుతాయి. తోపుకు వెడల్పుగా పరుచుకునే లైటు కావాలి, 10 నుంచి 15 వేల క్యాండెలా చాలు. చెరుకు తోటలోకైతే ఏ లైటూ చొరబడదు. గట్టు మీద నిలబడి అంచులు చూడటం తప్ప లోపల ఏముందో లైటుతో తేల్చుకుందామనుకోవడం ప్రమాదం. రెండు రకాల పంటా ఉన్నవాళ్లు ఒకే పెద్ద లైటు కోసం వెతక్కుండా దూరానికి ఒకటి, నడకకు తలకు కట్టుకునేది ఒకటి తీసుకోవడం మేలు. తలకు కట్టేది ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఒక చేతిలో కర్ర పట్టుకోవచ్చు.

రంగు కూడా చూసుకోండి. నీలం ఛాయ కొట్టే తెలుపు, అంటే 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత), అంగట్లో ధగధగలాడుతుంది. పలమనేరు, కుప్పం వైపు చలికాలపు మంచులో వేస్తే ఎదుట తెల్ల గోడ కట్టినట్టు వెలుగంతా వెనక్కి కొడుతుంది. వానలోనూ అంతే. 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య ఉంటే కళ్లకు హాయి, ఎండుటాకుల్లో ఉన్న రక్తపింజరి మచ్చలు ఆకుల నుంచి విడిగా తెలుస్తాయి. మంచులో లైటును కళ్లకు దూరంగా, నడుము దగ్గర పట్టుకుని వేస్తే కాస్త నయం.

బ్యాటరీ దగ్గరే మోసాలన్నీ

లిథియం సెల్ మీద 18650 అని రాసి ఉంటే అది కొలత: 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఈ సైజులో నిజాయతీగా వచ్చేది 3500 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే కొలత) వరకే. దాని మీద 9900 అని రాసి ఉందంటే ఆ సెల్ మీదున్న ఏ అంకెనూ నమ్మక్కర్లేదు. 21700 సైజుకు 5000 వరకు మామూలు. తూకం కూడా పట్టిస్తుంది: అసలు 18650 సెల్ 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, నకిలీది చాలాసార్లు తేలికగా ఉంటుంది. మన దేశంలో అమ్మే లిథియం సెల్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 అన్న గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. షాపులోనే నిలబడి చూడండి, మొహమాటపడకండి.

ఎంతసేపు వెలుగుతుందన్నదీ లెక్కే. 5000 ఎంఏహెచ్ సెల్లు రెండుంటే, 3.7 వోల్టులతో గుణిస్తే 37 వాట్ అవర్లు. 1000 ల్యూమెన్ల మీద, అంటే సుమారు 10 వాట్ల మీద పెడితే సుమారు మూడు గంటలు, 100 ల్యూమెన్లకు తగ్గిస్తే రాత్రంతా నడిచి ఇంకా మిగులుతుంది. పెట్టె మీద రాసే గంటలు మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కేసినవి. టర్బో అనే అన్నిటికన్నా పెద్ద వెలుగు రెండు మూడు నిమిషాలకే వేడెక్కి తనంతట తనే తగ్గిపోతుంది. అది లోపం కాదు, అలా తగ్గకపోతేనే భయపడాలి.

పాత రకం పెద్ద చార్జింగ్ లైట్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. ఖాళీ అయ్యాక నాలుగు రోజులు అలా వదిలేస్తే లోపల సల్ఫేటు పట్టి చార్జింగ్ నిలవదు. నెలకోసారైనా నిండా ఎక్కించాలి. లిథియందానికి ఇది తలకిందులు: వాడని కాలంలో సగం చార్జింగ్‌తో ఉంచి, రెండు మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు. నిండా ఎక్కించి మే నెలలో రేకుల షెడ్డులో పడేస్తే తొందరగా పాడవుతుంది.

నీటికి తట్టుకునేది ఐపీ నంబరు చెబుతుంది. చివరి అంకె 4 అయితే చిలకరింపుకు మాత్రమే, 7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట. మన వానలకు ఐపీ67 తీసుకోండి. ఆ రక్షణ మూతల్లోని రబ్బరు రింగు మీద, చార్జింగ్ రంధ్రానికున్న రబ్బరు బిళ్ల మీద ఆధారపడి ఉంటుంది. మట్టి రేణువు ఒకటి రింగు కింద ఇరుక్కుంటే నీళ్లు లోపలికి పోతాయి. రింగుకు కొబ్బరి నూనె రాయకండి, సిలికాన్ గ్రీజు కొద్దిగా చాలు.

కొన్న వారంలో చేయాల్సిన పరీక్ష

నిండా చార్జ్ చేయండి. చీకట్లో గోడకు పది మీటర్ల దూరం నుంచి వేసి, ఆ గోడ దగ్గర ఫోనులోని లక్స్ మీటర్ యాప్‌తో కొలిచి, వచ్చిన అంకెను 100తో గుణించండి. అదే క్యాండెలా. ఫోను కొలత కచ్చితం కాదు గానీ, 80 వేలు అని రాసినది 8 వేలే ఇస్తుంటే దొరికిపోతుంది. తర్వాత పెద్ద వెలుగులో పెట్టి పది నిమిషాలకోసారి చూస్తూ ఎప్పటికి నీరసిస్తుందో రాసుకోండి. చివరగా ఐపీ67 అయితే బకెట్ నీళ్లలో అరగంట ఉంచి, తుడిచి, అద్దం లోపల ఆవిరి పట్టిందేమో చూడండి.

టైప్ సి రంధ్రం ఉన్న కొన్ని చవక లైట్లు రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో చార్జ్ కావు, లోపల ఉండాల్సిన చిన్న రెసిస్టర్లు వేయరు. వెడల్పు యూఎస్‌బీ ఉన్న పాత కేబుల్ పెడితే ఎక్కుతుంది. అది తెలియక లైటు పోయిందనుకుంటారు. చార్జింగ్ సిమెంటు నేల మీద పెట్టండి, గడ్డివాము పక్కనా మంచం మీదా వద్దు. ఉబ్బిన సెల్ మళ్లీ వాడొద్దు. సంచిలో వేసేటప్పుడు వెనక మూతను పావు చుట్టు వదులు చేయండి. చాలా లైట్లకు దాంతో కరెంటు తెగుతుంది. సంచిలో తనకు తానే వెలిగితే పెద్ద లైటు గుడ్డను కాల్చేంత వేడెక్కుతుంది.

రాత్రి పొలంలో

నడిచేటప్పుడు పెద్ద వెలుగు వాడొద్దు. తక్కువ వెలుగును నేల మీదకు, మీ అడుగుకు రెండు మూడు మీటర్ల ముందు వేయండి. కట్లపాము, రక్తపింజరి రాత్రి తిరిగేవే. పాము కళ్లు మెరవవు, కాబట్టి మెరుపు కోసం కాకుండా నేల కోసం చూడాలి. గడ్డిలో వందలకొద్దీ చిన్న చిన్న చుక్కలు మెరిస్తే అవి సాలీళ్ల కళ్లు, కంగారు పడక్కర్లేదు. చిరుత కళ్లు, నక్క కళ్లు గట్టిగా మెరుస్తాయి, పంది కళ్లు అలా మెరవవు. అందుకే మెరుపు కనిపించలేదంటే అక్కడేమీ లేదని అర్థం కాదు. మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు లైటుకన్నా ముందు కొనాల్సినవి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం చేయకండి. కరిచిన కాలో చెయ్యో కదపకుండా 108కి ఫోను చేయండి. తిరుపతి దగ్గరివాళ్లకు రుయా ఆసుపత్రి ఉంది.

ఏనుగుల విషయం గట్టిగా చెప్పాలి. పలమనేరు, కుప్పం కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల, చంద్రగిరి, పులిచెర్ల వైపు చాలామంది పెద్ద లైటు కొనేది ఏనుగును తోలడానికే. లైటు చూడటానికి, తోలడానికి కాదు. కళ్లలోకి కొడితే ఏనుగు వెనక్కే తిరుగుతుందన్న భరోసా లేదు, వెలుగు వచ్చిన వైపే దూసుకురావచ్చు. ఒంటరి మగ ఏనుగు దగ్గర ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పక్కా ఇంటి మిద్దె మీద నుంచి అంచులు చూడండి. కనిపిస్తే వెలుగును దాని ముఖం నుంచి తప్పించి, పొలంలోకి దిగకుండా అటవీశాఖ బీట్ అధికారికి చెప్పండి. ఆ నంబరు ముందే ఫోనులో ఉండాలి. పలమనేరు దగ్గర ముసలిమడుగులో కుంకీలు (అడవి ఏనుగులను తోలడానికి మచ్చిక చేసిన ఏనుగులు) ఉన్నా, వాటిని ఎప్పుడు దింపాలో నిర్ణయించేది అటవీశాఖే. కంచెకు నేరుగా లైను కరెంటు పెట్టడం నేరం, మనుషుల ప్రాణాలకూ ముప్పు.

వాయుగుండం రాత్రి ముందు వెతకాల్సింది తెగిపడిన తీగల కోసం. మోటారు వైపు పోయేముందు నిలబడిన చోటు నుంచే స్తంభం నుంచి స్తంభానికి తీగ వెంట దూరపు లైటు తిప్పి చూడండి. తీగ వేలాడుతున్నా నీళ్లలో పడి ఉన్నా అటు పోవద్దు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి.

శేషాచలం అంచు ఊళ్లవాళ్లకు ఇంకొకటి. అర్ధరాత్రి అడవి వైపు పెద్ద లైటు కొడుతూ తిరిగితే ఎర్రచందనం దొంగలనో వేటగాళ్లనో అనుమానం వస్తుంది. వెలుగు మీ హద్దు దాటకుండా చూసుకోండి. రోడ్డు మీద వచ్చే బండ్ల వైపూ, రేణిగుంట విమానాశ్రయం పక్క ఊళ్లలో ఆకాశం వైపూ అసలు వేయొద్దు.